వెదురుగడ మీద అంగన్‌వాడీ

కొండల కింది పద్మపూర్‌లో వ్యాను దిగేసరికి ఉదయం ఆరు. ఏప్రిల్ ఎండ అప్పుడే మొదలైంది. లాక్‌డౌన్ కాలం, రోడ్డు మీద కుక్కలు తప్ప మనిషి లేడు. నా సరంజామా రెండు మాస్కులు, నీళ్ళ సీసా, పాత మిలిటరీ బూట్లు. రిటైరై గుణుపురంలో ఇంటిపట్టున ఉన్న నన్ను బ్లాకు ఆఫీసు వాళ్ళు పిలిచారు. కొండలెక్కడానికి మాజీ సైనికులు కావాలట. ముందురోజే సంచి సర్దేశాను. మళ్ళీ ఆర్డర్లు, మళ్ళీ కాలిబాట! "పెళ్ళికెల్తున్నట్టున్నాది మీ మొకం," అంది మా ఆవిడ.

ఆర్డరు చిన్నది. అంగన్‌వాడీలు మూతపడ్డాయి, పిల్లలకు అక్కడ పెట్టే వేడి అన్నం ఆగిపోయింది. కాబట్టి గుడ్లు, ఛతువా అనే వేయించిన గింజల పిండి ఊళ్ళకే చేర్చాలి. ఎవరినీ తాకకూడదు.

మేం ముగ్గురం. డ్రైవరు గుణుపురం మునిసిపాలిటీలో చెత్తబండి నడిపేవాడు. అంగన్‌వాడీ నడిపే దీదీ పద్మపూర్‌లోని తెలుగింటి పిల్ల, కొండ మీది భాష కూడా వచ్చు. మూడోవాణ్ణి నేను. బండి బాట అయిపోయిన చోట వ్యాను ఆపి, సరుకు కావడికి ఎత్తుకుని ఎక్కాం. మొదటి ఊరి దారికే వెదుళ్ళు అడ్డంగా కట్టేశారు, బయటివాళ్ళు రావద్దని. చెక్‌పోస్టు అంటే నాకు గౌరవం. కంచె బయట బండ మీద గుడ్లు, పిండి పొట్లాలు పేర్చి, వెనక్కి జరిగి, దీదీ చేత కేక వేయించాను. ఎవరూ రాలేదు. మనం దిగిపోతే తీసుకుంటారులే అని నేనే తేల్చేశాను.

మర్నాడు వెళితే పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పొట్లాలకు చీమలు పట్టాయి.

"ఎవులూ ముట్టుకోనేదు సార్," అన్నాడు డ్రైవరు.

దీదీ ముఖం పాలిపోయింది. ఆ ఊళ్ళో రెండేళ్ళ పాప ఒకతి ఉంది. సెంటరు మూసే ముందే బరువు బాగా పడిపోయి, ప్రమాదమని కాటా మీద పూసిన ఎర్రరంగు దగ్గర ఆగిన పిల్ల.

"అన్నయ్యా, ఆ గుంటకి బేగి తిండి అందకపోతే మరి దక్కదు," అంది దీదీ.

నేను బండ మీది గుడ్లనే చూస్తూ నిలబడ్డాను. ఉన్నట్టుండి నవ్వొచ్చింది, నా మీద నాకు కోపమూ వచ్చింది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే మా అమ్మ ఏం చేసేది? గుడ్డు దిగదుడిచి, మూడు దారులు కలిసే చోట వదిలి, వెనక్కి చూడకుండా వచ్చేది. దాన్నెవడు ముట్టుకుంటాడు? ఈ ఊరివాళ్ళూ అంతేనని దీదీ చెప్పింది. జబ్బును పొలిమేర దాటించేటప్పుడు గుడ్డు పెట్టి వస్తారట. దేశమంతా జబ్బుతో అల్లాడుతుంటే నేను ట్రేలకు ట్రేలు గుడ్లు పొలిమేరలో పెట్టి, గబగబా వెనక్కి నడిచాను!

"అయ్యబాబోయ్, జబ్బు తెచ్చి దింపీసి ఎలిపోనామనుకున్నారు కావాల," అంది దీదీ.

"చేతికిస్తే తీసుకుంటారా?"

"సేతికిత్తే ఎందుకు తీసుకోరు? ముట్టుకోకూడదు కదా మరి."

"డ్రైవరూ, కత్తి తే!"

పొదలో పొడుగాటి వెదురు కొట్టాం. మధ్యలో కంచె మీద ఆనించాం. అవతలి కొసన ఆ రోజు తెచ్చిన గుడ్లూ పిండీ వేసిన బుట్ట వేలాడదీశాం, ఇవతలి కొస నా చేతుల్లో. దీదీ అరిచి చెప్పింది, ఇది వదిలేసిన సరుకు కాదు, మా చేతి నుంచి మీ చేతికి ఇస్తున్నామని. కాసేపటికి ఆ పాప నాయనమ్మ ఇళ్ళలోంచి ముందుకొచ్చింది. నా చేతుల వంక చాలాసేపు చూసింది. తర్వాత గడ కొస గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు నా భుజం దాకా తెలిసింది. బుట్టలోంచి గుడ్డు తీసుకుంది! నేను శిఖరం పట్టినవాడిలా కేక పెట్టాను. డ్రైవరు ఈల వేశాడు. ముప్పై ఏళ్ళ నౌకరీలో అంత సంతోషం నాకు తెలియదు.

ఆ రోజే బరువూ చూశాం. బుట్ట తీసి స్ప్రింగు కాటా తగిలించాం. తల్లి పాపను గుడ్డ ఊయలలో వేసింది. పాప తడిబట్టలా వేలాడింది. ముల్లు వెంటనే నిలబడిపోయింది, ఎర్రరంగు మీదే. అంతవరకూ గంతులేసిన మేం బుట్ట మళ్ళీ కట్టి ఇంకో నాలుగు గుడ్లు అందించాం.

తర్వాత ప్రతి ఊరికీ ఆ గడ మా వెంట నడిచింది. సిగ్నలు దొరికిన మలుపులో ఫోను మోగేది.

"గడ పార్టీ, ఎక్కడున్నారు?" అనేది ఆఫీసు.

"మూడో ఊరు అయిపోనాది. గుడ్డొక్కటి పగల్లేదు," అనేవాడు డ్రైవరు, తనే మోసినట్టు.

బిస్సమ్ కటక్ వైపు తిరిగే బృందం కూడా బుట్ట ముడి ఎలా వేయాలో ఫోనులో అడిగింది. నేను గర్వంతో ఉబ్బిపోయి రెండుసార్లు చెప్పాను. కానీ మొదటి ఊరికి ఎక్కేటప్పుడు మాత్రం ముగ్గురం గబగబా అడుగులు వేసేవాళ్ళం. కంచె అవతల ఆ నాయనమ్మ కనిపించేదాకా నాకు ఊపిరాడేది కాదు.

వానలు పడ్డాక నా డ్యూటీ ముగిసింది. గుణుపురం వచ్చి బూట్ల బురద కడుక్కున్నాను. ఇప్పటికీ మా వీధిలో వాళ్ళు సరిహద్దు కబుర్లు చెప్పమంటారు. మంచు గురించి, బంకర్ల గురించి చెబుతాను. చెబుతుండగానే నా కళ్ళ ముందు ఆ కొండ మీది ఆఖరి రోజు వచ్చి కూర్చుంటుంది.

ఆ రోజు కాటాలో వేసిన పాప ఊరుకోలేదు. రెండు కాళ్ళతో గాలిని తన్నుతోంది. నా చేతుల్లో గడ ఊగిపోతోంది. ముల్లు పైకీ కిందికీ ఎగురుతోంది, ఎంత బరువో తెలియడం లేదు.

"అమ్మీ, కదలకే! ఒక్క సనం కదలకే!" అని అరుస్తూ దీదీ ఏడుస్తోంది. పాప తన్నుతూనే ఉంది.