జేజినాయన మందు కొట్టిన మిరపాకు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎమ్మెస్సీ చివరి ఏడాది సెమినార్‌ను నేను మొదట వినిపించింది మా మిద్దె మీది మిరప చెట్లకు. నలుగురి ముందు నోరు తెరవాలంటే నాకు భయం. చెట్లయితే మధ్యలో ప్రశ్నలు అడగవు. "మీ ఆకుల్లో ఇనుముంది, విటమిన్లున్నాయి, క్రిములను అడ్డుకునే గుణముంది" అని వాటి గొప్ప వాటికే చెబుతుంటే గాలికి తలలూపేవి. అంత మర్యాద తెలిసిన శ్రోతలు నాకు మళ్ళీ దొరకలేదు.

నా ప్రాజెక్టే మిరపాకు మీద. చేలో మిరపకు ఎప్పుడూ ఏదో ఒక మందు పడుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఆకు పరీక్షకు పనికిరాదు. అందుకే కల్లూరులోని మా ఇంటి మిద్దె మీద, కుండీల్లో, మందు వాసన కూడా తగలనీయకుండా పెంచాను. ఆకు రసం తీసి, క్రిములు పెంచిన గాజు పళ్ళెంలో వేశాను. మరునాటికి రసం చుట్టూ క్రిమి అన్నది లేకుండా పెద్ద వలయం! ప్రాజెక్టు చేయించే మా మేడం పక్క ల్యాబు వాళ్ళను కూడా పిలిచి చూపించింది. సెమినార్‌లో మొదట నన్నే చెప్పమంది. సంతోషమూ వణుకూ కలిసే వచ్చాయి.

ఇంట్లో చెప్పగానే అమ్మ మిద్దెక్కింది.

"అంత బలముండే ఆకు క్రిములకెందుకు పెడతావే? మనం తిందాం" అని మిగిలిన ఆకంతా కోసి పప్పు చేసింది.

మా నాయన తండ్రిని మేం జేజినాయన అంటాం. నిన్నమొన్నటిదాకా సేద్యం చేసిన మనిషి. పప్పంటే ప్రాణం. ఆ రోజు మాత్రం కంచానికి చేయి అడ్డం పెట్టాడు.

"నాకొద్దు. మజ్జిగ పొయ్యి."

"ఏం మామా, కడుపు బాగలేదా?" అంది అమ్మ.

"బాగుండాది. బాగుండనీ అనే వద్దంటాండా."

నాయన చేతిలోని ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏం చేసినావు నాయనా?"

"ఏం జేసినా? ఆకు మీద మచ్చలు పడ్తాండె. రైతై పుట్టి ఎట్ల జూస్తా ఊరుకునేది? సేద్యంలో మిగిలిన మందు రోంత కలిపి చీపురుతో చల్లినా."

"ఎప్పుడు?" అన్నాను.

"నువ్వు కాలేజీకి ఆకు కోసుకుపోయిన ముందు దినం. శానా బాగా పట్టింది పాపా."

"మరి మేం తింటాంటే చెప్పవా?" నాయన అరిచాడు.

"పాప బాధపడ్తాదని యోచన చేస్తాండా. నోట్లో పెడితే చెప్పేటోన్నేలే!"

ఆకుమచ్చకు కొట్టే మందు క్రిములను చంపడానికే తయారైంది. పప్పు పారబోశారు. నా వలయం కూడా దాని వెనకే పోయింది.

ఈ సంగతి మా ఇల్లు దాటలేదు. ఊరుకుంటే మెప్పు నాదే. చెబితే మాత్రం అందరి ముందు మామూలుకంటే ఎక్కువ మాట్లాడాలి, అదీ నవ్వులపాలవుతూ. రాత్రంతా దిండుతో వాదించి, పొద్దున్నే మేడంకు చెప్పేశాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చేసుకురమ్మంది. పక్కింటి వాళ్ళ పెరట్లో మందు ఎరగని మొక్క దొరికింది. ఈసారి వలయం వచ్చింది గానీ, సగ్గుబియ్యం గింజంత.

సెమినార్‌లో రెండు పళ్ళేలూ పక్కపక్కన చూపించి, పెద్ద వలయం మా జేజినాయనది, చిన్నది మిరపాకుది అన్నాను. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో వణకడం మరిచిపోయాను.

ఇంటికొచ్చేసరికి జేజినాయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఉత్త ఆకు కొంచెమే పనిచేసిందని, ఆయన మందు మాత్రం క్రిములను ఊడ్చిపెట్టిందని చెప్పాను. గడ్డం గోక్కున్నాడు.

"అంటే అది నకిలీ మందు గాదన్నమాట! చేన్లో మచ్చ పోలేదని ఆ అంగడాయన్ను ఊరికే తిట్టినా గదమ్మా."