బ్రేకు గిటారుకుందండీ!

మా పాలకొల్లు ఆర్కెస్ట్రాలో గిటారు మాస్టారు తన గిటారుని బల్ల మీద పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించేవారు. నాది తబలా. మండపేటలో ఓ రైసుమిల్లు యజమాని గారింట పెళ్లి ఒప్పుకున్నాం. సరిగ్గా రెండు రోజుల ముందు మా బేస్ గిటారు ఆయన వేరే ట్రూపులో చేరిపోయాడు. కింది స్వరాలు లేకపోతే పాటంతా డొల్లే.

"ఏం పర్లేదండి, దీన్నే కిందికి దింపుదాం" అన్నారు మాస్టారు.

లావు తీగలు బిగించారు. బల్ల కింద పాత కుట్టుమిషను పెడల్ పెట్టి, దాన్నుంచి ఓ తీగకి సైకిల్ బ్రేకు వైరు కలిపారు. పెడల్ తొక్కితే తీగ వదులై, స్వరం బావిలోకి దిగినట్టు దిగేది. తొక్కడం, బల్లకి చెవి ఆనించడం, "ఇంకొంచెం దిగాలండి" అనడం. రెండు రోజులూ అదే పని.

పెళ్లిలో ఆ మోతకి సోడా గ్లాసులు వణికాయి. పెళ్లికొడుకు తండ్రి స్టేజీ దగ్గరకొచ్చి, "బేస్ వాయించే ఆయన ఎక్కడండీ? కనబడ్డం లేదు" అన్నారు. మాస్టారు తన కుడికాలు చూపించారు.

మర్నాడు పాలకొల్లు కాలువ వంతెన మీంచి సైకిల్ దూసుకొస్తోంది. దాని మీద మాస్టారు, చెప్పులు రోడ్డుకేసి రాస్తూ కేకలు:

"తప్పుకోండి బాబూ! బ్రేకు గిటారుకుందండీ!"

"వైరు మళ్లీ సైకిలుకి పెట్టేయండి మాస్టారూ" అని బతిమాలాను.

"శ్రుతి కుదిరిందండి. ఇప్పుడు కదపకూడదు."

కదపలేదు. గిటారుని అంత మంద్రానికి దింపిన మనిషి, తను వంతెన దిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ తారస్థాయే.