కోసిన చెయ్యే కట్టాలి

సాయిబు తాత పోయాడని మా అక్క ఫోన్ చేసినప్పుడు నేను నాయుడుపేట బస్టాండులో నిలబడి సమోసా తింటున్నాను. ఇలాంటి కబురు వినేటప్పుడు మనిషి చేతిలో కాస్త హుందాగా కనబడే వస్తువు ఉంటే బాగుంటుంది. నాకా అదృష్టం కలగలేదు.

"రేయ్, తాత పోయినాడురా. పొద్దున్నే టీ తాగతా తాగతా గ్లాసు పక్కన పెట్టి ఒరిగినాడంట" అంది అక్క.

నాకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. భయం వేస్తే నేను ఎవరి దగ్గరికి పరిగెత్తేవాణ్ణో ఆ మనిషే పోయాడు మరి.

మాది జువ్వలదిన్నె హార్బరుకు కాస్త ఎడంగా ఉండే పల్లె. అందరూ వేటకు పోయేవాళ్ళే. వాళ్ళ మధ్య ఒకే ఒక్క సాయిబుల ఇల్లు తాతది. ఆయన పరుపులు కుట్టేవాడు. ఆ పరుపుల మీద పడుకున్నవాళ్ళెవరూ ఆయన్ని పొగిడిన దాఖలా లేదు. ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నది మరో పనికి. పిల్లలు దడుచుకుని జ్వరం తెచ్చుకుంటే ఆయన దగ్గరికి ఎత్తుకుపోయేవాళ్ళు. వసారాలో మేకుకు నల్లదారం ఉండ ఒకటి వేలాడుతుండేది. తాత అందులోంచి మూరెడు తీసి, పెదాలు కదుపుతూ ఏదో చదివి, ఊది, చేతికో మొలకో కట్టేవాడు. దాన్ని మేము అంత్రం అంటాం. కుక్క తరిమినా, పిడుగు పడినా, లెక్కల పరీక్ష ముంచుకొచ్చినా అంత్రం కట్టించుకున్న ఘనచరిత్ర నాది. డిగ్రీలో ఫిజిక్సు చదివాక కూడా మానలేదు. కరెంటు సంగతి తెలిసేకొద్దీ పిడుగంటే భయం పెరుగుతుందే గాని తగ్గదు.

ఇంతకీ ఊళ్ళోకెల్లా పిరికివాడు తాతే. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే రోజు మేమంతా మిద్దెలెక్కి దక్షిణం వైపు చూస్తుంటే, ఆయన మంచం కింద దూరేవాడు.

"పైకి పోయేదాన్ని చూసేదానికి ఏం భయం తాతా?" అని అడిగితే, "పైకి పొయ్యేది సరే అబ్బయా, కిందికి ఎవురు దించుతారు?" అనేవాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి మా ఫిజిక్సు డిపార్టుమెంటు మొత్తం కలిసి కూడా ఆయన్ని మంచం కిందినుంచి బయటికి తీసుకురాలేకపోయింది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం ఊరికి ఎదురుగా కూర్చున్నాడు. ఆ సంగతి చెప్పాలి.

నేను కాలేజీలో ఉన్నప్పటి మాట. తుఫాను వచ్చి పోయింది. ఇళ్ళలోంచి బురద ఎత్తిపోసుకుంటున్నాం. అప్పుడు రెండు వ్యాన్లలో తెల్లవాళ్ళు దిగారు. డాక్టర్లు, నర్సులు, మందుల పెట్టెలు. ఏ దేశంవాళ్ళో ఊరికి ఇప్పటికీ తెలియదు. వాళ్ళకూ మాకూ మధ్య మాటలు దాటించడానికి చెన్నై నుంచి ఒక తంబి వచ్చాడు. అతని తెలుగులో సగం అరవం, మిగతా సగం చేతులు. తుఫాను షెల్టరు వాళ్ళకిచ్చారు. వాళ్ళు దిగిన మర్నాడే మళ్ళీ వానపట్టి, కావలి రోడ్డు మీది చప్టా మునిగిపోయింది. ఇక వాళ్ళు బయటికి పోలేరు, మేమూ పోలేం.

వాళ్ళు మా ఇళ్ళలో మంచినీళ్ళు కూడా ముట్టరు. మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు. బోరింగు దగ్గర ఆడవాళ్ళ మాటలు ఇలా ఉండేవి:

"మన నీళ్ళు వొద్దంట, మన పిల్లోళ్ళ రగతం మాత్రం కావాలంట."

"రగతం దేనికిమే వాళ్ళకి?"

"ఏమో. వాళ్ళ దేశంలో అయిపోయుంటాది."

నవ్వొచ్చే మాటే. కానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు. వాళ్ళకూ మేమంటే వణుకని మాకు తెలియదు. గుంపు చేరితే గేటు మూసుకోండి, ఎవరేమిచ్చినా తినకండి అని వాళ్ళకు చెప్పి పంపారట. తంబి తర్వాతెప్పుడో చెప్పాడు.

మూడో రోజో, నాలుగో రోజో పిల్లల్ని తూకం వేస్తామంటే మా అక్క తన కొడుకును తీసుకుపోయింది. వాడికి అప్పటికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. బురదలో నాని నాని వాడి మొలతాడు కింద ఒరుసుకుపోయి పుండ్లయ్యాయి. ఒక నర్సు, పొడుగాటి ఎర్రజుట్టు దొరసాని, అది చూసి "అయ్యో" అన్నట్టు ఏదో అంది. కత్తెర తీసింది. కటుక్కున మొలతాడు కత్తిరించి, చెత్తబుట్టలో వేసి, పుండ్లకు మందు రాసింది. ఆమె దృష్టిలో అదొక మురికి దారం.

మా వైపు మగవాడి మొలతాడు ఇంకొకరు తెంపేది ఒక్కసారే. ఆ తర్వాత అతను లేచి, ఎందుకు తెంపారని అడగడు.

అక్క కేకకు షెల్టరంతా అదిరింది. తల్లులు పిల్లల్ని లాక్కుని మెట్లమీద పడుతూ లేస్తూ దిగారు. "ఒక నూలు, ఒరే ఒక నూలు, ఇవ్వళవు గలాటా ఏల?" అని, ఒక్క దారానికి ఇంత గొడవెందుకని, తంబి అరుస్తూనే ఉన్నాడు. గేటుకు గొలుసు పడింది. సాయంత్రానికి ఊరి పెద్ద కట్టుబాటు వేశాడు. ఎవరూ షెల్టరు మెట్టు ఎక్కకూడదు.

మర్నాడు మా బుడ్డోడికి వాంతులు, విరేచనాలు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పాలు పడితే నిలవడం లేదు. బావ బోటుతో పాటు వేరే రేవులో ఇరుక్కున్నాడు. చప్టా మీద నడుంలోతు నీళ్ళు. ఊళ్ళో మందు ఉన్న చోటు ఒక్కటే, ఆ చోటికి పోకూడదు. పోయే ధైర్యం మా అక్కకూ లేదు. "ఈసారి ఏం కోస్తుందోరా" అని ఏడ్చింది.

మధ్యాహ్నం దాటాక తాత వసారాకు తీసుకుపోయాం. వెనకే ఊరు, ఊరి ముందు ఊరి పెద్ద. అందరిదీ ఒకే ఆలోచన: తాత కొత్త మొలతాడు కడితే అపశకునం తీరిపోతుంది.

తాత దారం తీశాడు. వాడి నడుముకు కొలత చూశాడు. పెదాలు కదపడం మొదలుపెట్టి, ఆపేశాడు. వాడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఏడవడం లేదేందిమే వీడు?" అన్నాడు.

"పొద్దుట్నుంచి ఏడుపే లేదు తాతా."

ఆయన ఇన్నాళ్ళూ చూసింది దడుచుకున్న పిల్లల్నే. వాళ్ళు గుక్కపట్టి ఏడుస్తారు. ఇలా మెత్తగా, కళ్ళు సగం మూసుకుని వేలాడే బిడ్డ ఆయన లెక్కలోకి రాడు.

"ఇది నేను కట్టేది కాదు" అన్నాడు తాత. "కోసిన చెయ్యే కట్టాల. లేకుంటే నిలవదు."



"ఇదెప్పటి నియమం సాయిబూ?" అన్నాడు ఊరి పెద్ద.

"నీ కట్టుబాటు కన్నా పాతది."

"కోసినోళ్ళు మళ్ళీ కట్టింది నువ్వెప్పుడన్నా చూసినావా?"

"బతికున్నోడికి కోసింది నువ్వెప్పుడన్నా చూసినావా?"

ఊరి పెద్ద పక్కకు జరిగి దారిచ్చాడు. ఊరి చరిత్రలో అది అరుదైన ఘట్టం. కానీ దాన్ని ఆనందించే స్థితిలో నేను లేను.

షెల్టరుకు నడిచాం. అక్క భుజాన బిడ్డ. తాత నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు ధైర్యం చెప్పడానికనుకున్నాను. రెండడుగులు వేశాక తెలిసింది, ఆయన చెయ్యి నా చెయ్యికన్నా చెమ్మగా ఉంది. వెనక ఊరు వస్తోంది. కొందరి చేతుల్లో రాళ్ళున్నాయి. ఎందుకు పట్టుకున్నారని అడిగితే వాళ్ళకూ తెలియదు.

గేటు వెనక మెట్లమీద తెల్లవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. తంబి జాడ లేదు. దొరసాని ముఖం వెల్లవేసిన గోడలా ఉంది. "ఇంగ్లీషులో చెప్పు అబ్బయా" అని తాత నన్ను ముందుకు తోశాడు. ఇన్నేళ్ళ నా ఇంగ్లీషు చదువు ఆ గేటు ముందు ఒకే వాక్యంగా బయటికొచ్చింది: "మేడమ్, రోప్."

వెనక రాళ్ళు పట్టుకున్న గుంపు, ముందు తాడు కావాలంటున్న యువకుడు. వాళ్ళు రెండు మెట్లు పైకెక్కారు.

తాత నన్ను పక్కకు జరిపి, గేటు ముందు బురదలో చతికిలబడ్డాడు. నల్లదారం పైకెత్తి చూపించాడు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి బిడ్డ నడుము చూపించాడు. ఆమెను చూపించాడు. తర్వాత ఆ దారాన్ని తన మణికట్టుకే చుట్టి, ముడి వేసినట్టు చూపి, విప్పి, గ్రిల్లులోంచి ఆమెకు అందించాడు. అంతసేపూ ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది. దొరసాని ఆ చేతినే చూసింది. అంతలా వణికే మనిషి తనను కొట్టడానికి రాలేదని ఆమెకు అర్థమై ఉండాలి.

గొలుసు తీసింది. పక్కవాళ్ళు వద్దని లాగినా వచ్చింది. వంగి, వాడి నడుముకు దారం చుట్టి ముడి వేసింది. మా ఊళ్ళో అందరూ వలలు అల్లేవాళ్ళే, కానీ ఆ ముడి ఎవరికీ తెలియదు. గాయానికి కుట్లు వేసేటప్పటి ముడట. ముడి వేస్తుండగా ఆమె వేళ్ళు వాడి పొట్టకు తగిలాయి. వాడి ఒళ్ళు ఎలా ఉందో అప్పుడు తెలిసినట్టుంది, లోపలివాళ్ళ కోసం ఒక్క అరుపు అరిచింది. బిడ్డనూ అక్కనూ లోపలికి లాక్కుంది. గేటు మళ్ళీ పడింది.

గుంపు ఒక్కసారిగా హోరెత్తింది. "లాక్కుపోయినారు!" ఎవరో విసిరిన రాయి గ్రిల్లుకు తగిలి ఖంగుమంది. తాత లేవలేదు. వీపు గేటుకు ఆనించి, ఊరి వైపు తిరిగి కూర్చున్నాడు.

"వాడికేమన్నా అయిందంటే సాయిబూ..." అన్నాడు ఊరి పెద్ద. ఆ మాట పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు. ఊళ్ళో ఉన్నది ఒకే ఒక్క సాయిబుల ఇల్లు.

పొద్దు వాలుతోంది. పైనుంచి ఏ చప్పుడూ లేదు. తాత పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఏ మంత్రమో నాకూ కాస్త పట్టుబడుతుందని ఆశగా చెవి దగ్గర పెట్టాను. "అబ్బయా, నా ముందర నిలబడు. లుంగీ తడిసింది" అంటున్నాడు. వాన నీళ్ళకా, మరొకందుకా అని నేను అడగలేదు. పోయిన పెద్దమనిషి గురించి ఇప్పుడు ఊహించడమూ సబబు కాదు. నిలబడ్డాను. నా ప్యాంటు సంగతి ఆయనా అడగలేదు.

చీకటి పడబోతుండగా పైనుంచి ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, గుక్కపట్టి, షెల్టరు గోడలు పగిలేట్టు.

"ఆ!" అన్నాడు తాత. "ఇప్పుడు దడుచుకున్నాడు. ఇంక నా పని."

సెలైను పెట్టిన చేతికే వాడికి రెండో దారం కట్టాడు, దొరసాని పక్కన నిలబడి చూస్తుండగా.

ఆ తర్వాత అందరూ కలిసిమెలిసి పాటలు పాడుకున్నామని రాస్తే మా ఊరు నన్ను నమ్మదు. కొందరు వెళ్ళి మందులు తెచ్చుకున్నారు. కొందరు తెచ్చుకుని కాలవలో పారేశారు. దొరసాని మాత్రం కట్టు గుడ్డ కోయాలన్నా ముందు కత్తెర చూపించి, తల్లి తల ఊపేదాకా ఆగేది. వెళ్ళే రోజు తాత వసారాకొచ్చి, టీ తాగి, ఉండలోంచి దారం తీసి ఆయన మణికట్టుకు తన ముడి వేసింది. ఎవరి భయానికి ఎవరు కట్టారో నాకు తెలియదు. బిడ్డను బతికించింది సెలైనని వాళ్ళు, మొలతాడని ఊరి పెద్ద నమ్మారు. తాత ఎవర్నీ కాదనలేదు.

"తాతా, కోసిన చెయ్యే కట్టాలని నిజంగా నియమం ఉందా?" అని ఒకరోజు అడిగాను.

"అప్పుడు లేదు" అన్నాడు దూది ఏకుతూ. "ఇప్పుడుండాది."

ఉంది, నిజంగానే. కావలి ఆస్పత్రిలో మా ఊరివాళ్ళకు స్కానింగు తీసేటప్పుడు మొలతాడు కత్తిరిస్తే, కత్తిరించిన కుర్రాడే మళ్ళీ కట్టేదాకా బల్ల దిగరు. "మళ్ళీ మీ ఊరోళ్ళేనా?" అని వాళ్ళు నెత్తి కొట్టుకుంటారు. కడతారు.

నేను వెళ్ళేసరికి తాతకు స్నానం చేయించే ఏర్పాట్లు జరుగుతున్నాయి. కఫన్ గుడ్డ చుట్టే ముందు ఒంటిమీద ఏమీ ఉండకూడదు. మణికట్టున దొరసాని కట్టిన దారం ఉంది, నలుపు వెలిసి బూడిదరంగుకొచ్చింది. కావలి నుంచి వచ్చిన ఆయన పెద్దకొడుకు కత్తెర తీసుకున్నాడు. తీసుకుని ఆగిపోయాడు. కోసిన చెయ్యే కట్టాలి. ఈ చేతికి మళ్ళీ ఎప్పుడు కడతాడు? పక్కవాడికి ఇవ్వబోయాడు. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కత్తెర వసారాలో చేతులు మారింది గాని, ఎవరూ కోయలేదు. నా దగ్గరికొచ్చినప్పుడు నేను ఎక్కడ దాక్కున్నానో ఇక్కడ రాయను. ఆ ఇంట్లో మంచం ఒక్కటే.

చివరికి ఊరి పెద్ద ముందుకొచ్చాడు. కత్తెర తీసి అవతల పెట్టాడు. తాత పక్కన గొంతుక్కూర్చుని, ఆయన చేతిని ఒళ్ళోకి తీసుకుని, వల బాగుచేసే సూదిమొనతో ముడిని కొద్దికొద్దిగా వదులు చేయసాగాడు. పరాయి దేశపు ముడి, తొందరగా లొంగలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. మా బుడ్డోడు, ఇప్పుడు బడికి పోతున్నాడు, నిక్కరు పైనుంచే తన మొలతాడు పట్టుకుని నిలబడ్డాడు.

ముడి వీడింది. ఊరి పెద్ద ఆ దారాన్ని తీసుకెళ్ళి, వసారాలో నల్లదారం ఉండ ఉన్న మేకుకే తగిలించాడు. ముడి లేకపోయినా అది తిన్నగా వేలాడలేదు. ఇన్నేళ్ళు చుట్టుకుని ఉన్న మణికట్టంత గుండ్రంగా, సముద్రపు గాలికి మెల్లగా తిరుగుతూ ఉంది.