సీలుకు బొట్టు పెట్టిన కారు

మా చిన్నప్పుడు... ఒక శ్రావణ శుక్రవారం పొద్దున, అమ్మ గడపకు పసుపు రాస్తుండగా వీధి మొదట్లో కొత్త హారన్ వినిపించింది. ముందురోజు బస్సెక్కి బెజవాడ వెళ్లిన నాన్న, కారులో తిరిగొచ్చాడు. తెల్ల కారు... అద్దాలకు అంటించిన కాగితాలు కూడా ఇంకా ఊడలేదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన రెండేళ్ల తర్వాతి సంగతి ఇది. మాది మొవ్వ దగ్గర చిన్న పల్లె. నాన్న టాక్సీ నడిపేవాడు. గుడివాడలో పెళ్లయినా, దివిసీమలో చావయినా, బందరు ఆసుపత్రికి పురిటి మనిషిని తీసుకెళ్లాలన్నా నాన్ననే పిలిచేవారు. పురిటికి మాత్రం బాడుగ పుచ్చుకునేవాడు కాదు. కొత్త కారుకు పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. అది వస్తుందని తెలియగానే పాత కారు అమ్మేశాడు...

నేనప్పుడు పదో తరగతి. కొత్త మాట దొరికితే రోజంతా బెల్లంముక్కలా చప్పరిస్తూ తిరిగేదాన్ని. కారుతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, సాయంత్రాలు అరుగు మీద నాన్నకు తెలుగులో చెప్పేదాన్ని.

"గ్యారంటీ అంటే ఏంటే?"

"మాట ఇవ్వడం నాన్నా. ఏడాదిలోపు ఏం చెడినా వాళ్లే బాగుచేస్తారట."

"అంత పెద్ద కంపెనీ మాటిచ్చాక మనకింకేం భయం..."

ఇంజను దగ్గర తీగతో బిగించిన చిన్న సీసం బిళ్ళ ఉండేది. అదే సీలు. అది తెగినా, బయటి మెకానిక్ చెయ్యి పడినా గ్యారంటీ పోతుందని షోరూమువాళ్లు గట్టిగా చెప్పి పంపారు. నాన్న ప్రతి శుక్రవారం స్టీరింగుకూ చక్రాలకూ బొట్టు పెట్టాక, బానెట్ ఎత్తి ఆ సీలుకు కూడా పసుపు రాసి బొట్టు పెట్టేవాడు.

"నా మెళ్లో సూత్రాలకైనా ఇంత మర్యాద దక్కలేదు" అని అమ్మ నవ్వేది.

మొదటి వానకే తలుపు సందుల్లోంచి నీళ్లు కారి, కాళ్ల దగ్గర మడుగు కట్టింది. తర్వాత దారిలో ఆగిపోవడం మొదలైంది. గుడివాడలో పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ బాసికాలతోనే బస్సెక్కించాల్సి వచ్చింది. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్ల మధ్య ఆగిపోతే ఒకాయన బండి పైనుంచి అడిగాడు.

"ఏం బావా, కొత్త కారేనా? మా ఎడ్లు కూడా కొత్తవే. కట్టమంటావా?"

నాన్న కూడా నవ్వాడు. కానీ ఇంటికొచ్చాక అన్నం సగంలోనే లేచాడు...

ఒకసారి నన్ను కూడా బెజవాడ షోరూముకు తీసుకెళ్లాడు. అక్కడి మనిషి కుర్చీలోంచి లేవలేదు.

"కొత్త బండి కదండీ, అలవాటు పడాలి."

"ఎవరండీ అలవాటు పడాల్సింది? అదా, నేనా?"

"స్పేర్ పార్టు రావాలండీ. వచ్చేనెల రండి."

వచ్చేనెల వెళ్తే ఆ పై నెల రమ్మన్నారు.

మొవ్వ బస్టాండు పక్కన రేకుల షెడ్డులో మస్తాన్ మావయ్య ఉండేవాడు. పాత కారుకు అన్నాళ్లూ మెకానిక్ ఆయనే. "బావా, ఒక్కసారి చూడనీ. కొరుక్కుతింటానా ఏంటి?" అనేవాడు. "వద్దు మస్తాన్. వాళ్లు మాటిచ్చారు" అనేవాడు నాన్న. ఆ మాట మీద అంత గురి...

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, మూడిళ్ల అవతల కోటయ్య మావయ్య ఇంట్లోంచి కేకలు వినిపించాయి. వాళ్ల సుబ్బులక్క పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. నాన్న గబగబా చొక్కా తొడుక్కుని, వెనక సీటు మీద దుప్పటి పరిచి, తాళం తిప్పాడు. ఆ రోజు కారు ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంజను ఆపకుండా, పిలుపు కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

రైసుమిల్లు లారీ వచ్చింది. వెనక గడ్డి పరిచి సుబ్బులక్కను పడుకోబెట్టారు. మా ఇంటి ముందునుంచే వెళ్లింది. కోటయ్య మావయ్య మా వైపు చూడకుండా తల అటు తిప్పుకున్నాడు. నాన్న ఇంజను ఆపేశాడు.

సాయంత్రం కోటయ్య మావయ్యే వచ్చి అరుగు చివర కూర్చున్నాడు.

"ఏమనుకోకు బావా. దారిలో ఆగిపోతే..."

"పిల్ల ఎలా ఉంది?"

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు."

"అదే కావాల్సింది" అన్నాడు నాన్న. ఆయన వెళ్లాక మాత్రం నాతో మెల్లగా అన్నాడు. "రేపు పొద్దున్నే మస్తాన్‌ని రమ్మని చెప్పమ్మా. ఆ సీలు కోసేద్దాం."

మస్తాన్ మావయ్య పసుపు తుడిచి మరీ తీగ కత్తిరించాడు. నాలుగు రోజులు తంటాలు పడ్డాక కారు దారికొచ్చింది. సీలు తెగింది కాబట్టి తమకు సంబంధం లేదని షోరూమువాళ్లు చెప్పేశారు.

మా వైపు ఒక పట్టింపు ఉండేది. ఆసుపత్రికి మోసుకెళ్లిన బండే బిడ్డను ఇంటికి తేవాలి. అందుకే బాగైన కారు వాకిట్లో ఉండగానే, సుబ్బులక్క బిడ్డను ఒళ్లో పెట్టుకుని లారీ ముందు సీట్లో కూర్చుని వచ్చింది. నాన్న వీధిలోకి వెళ్లి బిడ్డను చూసి, బుగ్గ తాకి వచ్చాడు. ఆ తర్వాత పెళ్లిళ్లకు పిలిచారు, శ్రాద్ధాలకు పిలిచారు... పురిటికి మాత్రం నాన్నను ఇంకెవరూ పిలవలేదు.

నా కారు కూడా ఇప్పుడు దారిలో ఆగిపోతోంది. సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ఏసీ గది, కాఫీ, "మేడమ్" అనే పిలుపు... "సర్వీసుకు పదికి పది ఇవ్వండి మేడమ్, లేకపోతే నన్ను తిడతారు" అని ఒకమ్మాయి ఫోను. వాళ్లు బాగుచేయకపోయినా పదికి పది ఇచ్చేశాను, పాపం ఆ పిల్లదేం తప్పు... ఇప్పుడు ఫోను నొక్కితే ఏదో ఒక కారు వాకిట్లోకి వస్తుంది. తనను పిలవలేదని మూగగా బాధపడే డ్రైవరు మాత్రం ఏ కారులోనూ కనిపించడు.

రేపు పొద్దున తొమ్మిదింటికి మళ్లీ సర్వీస్ సెంటర్‌కు రమ్మన్నారు. అక్కడ కూర్చుని మీరు రాసినవి చదువుకుంటాను... మీ ఇంటి తొలి కొత్త కారు మీ నాన్నలను ఏం చేసిందో రాయండి.