రాతి అర్రలో దీపం

1961 నవంబరు మొదట్లో, దీపావళికి కొద్ది రోజుల ముందు, నన్ను హైదరాబాదు నుంచి వికారాబాదుకు పండుగ డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను అగ్నిమాపక శాఖలో సబ్ ఆఫీసర్‌ని. స్టేషన్ ఆఫీసర్‌కు ఒక మెట్టు కింద, లీడింగ్ ఫైర్‌మన్‌కు ఒక మెట్టు పైన ఉండే హోదా అది. ఇంజనీరింగు డిప్లొమా చదివి, నాగపూర్‌లో శిక్షణ ముగించుకుని వచ్చి ఎంతోకాలం కాలేదు. ఏ పనికైనా ముందు అంశాలన్నీ వరుసగా రాసుకుని, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవడం నా అలవాటు.

ఆ ప్రాంతమంతటికీ ఆ వారంలో ఉన్నది ఒక్కటే మంటలార్పే బండి. దాన్ని వికారాబాదులో నిలిపారు. తాండూరులో మంట లేస్తే ముందు ఎవరో ఒకరు రైల్వే స్టేషనుకు పరుగెత్తి కబురు చెయ్యాలి. ఆ కబురు అంది, బండి బయలుదేరి, అప్పటి రోడ్డు మీద తాండూరు చేరేసరికి గంట దాటిపోతుంది. బాణసంచాకు నిప్పంటుకున్న గంట తరువాత మేము వచ్చి చెయ్యగలిగింది బూడిద తడపడమే. అందుకని తాండూరులో మా పని ఆర్పడం కాదు, అంటుకోకుండా చూడటం. నన్నూ, లీడింగ్ ఫైర్‌మన్ గౌస్‌నూ రైల్లో అక్కడికి పంపారు. మా వెంట ఉన్న సరంజామా ఒక స్టిరప్ పంపు, కొన్ని బకెట్లు, గోనెసంచులు. స్టిరప్ పంపు అంటే నీళ్ళ బకెట్లో నిలబెట్టి, దాని పాదాన్ని కాలితో తొక్కిపట్టి, చేత్తో కొట్టే చిన్న పంపు. గదిలో మొదలైన మంటకు సరిపోతుంది. అంతకు మించి దేనికీ సరిపోదు.

గౌస్ నాకంటే బాగా పెద్దవాడు, నిజాం కాలంలోనే సర్వీసులో చేరినవాడు. నన్ను సార్ అనేవాడు గానీ నా కాగితాల కట్టను చూసినప్పుడల్లా మీసం కింద నవ్వుకునేవాడు.

స్టేషను రోడ్డు పక్క ఖాళీ స్థలంలో బాణసంచా కొట్లకు తాత్కాలిక అనుమతి ఇచ్చేవారు. మా తనిఖీ లేనిదే తహసీలు కచేరీలో ఆ అనుమతి ముద్ర పడదు. కొట్టుకూ కొట్టుకూ మధ్య ఎడం ఉండాలి. రెండు కొట్లు ఎదురెదురుగా ఉండకూడదు. పైన రేకులే గాని తడికలు, గోనెపట్టాలు కట్టకూడదు. పెట్రోమాక్సు దీపం సరుకుకు దూరంగా, గుంజకు వేలాడాలి. ఇసుక బకెట్లు ముందు వైపునే పెట్టాలి, ఆ ఇసుక పొడిగా ఉండాలి. అలా చూసినవాటిలో శంకరప్ప కొట్టు అన్నిటికంటే శుభ్రంగా ఉంది. ఏడాది పొడుగునా కిరాణా అమ్మి, దీపావళికి మాత్రం బాణసంచా తెప్పించే వ్యాపారి అతను. కొట్టులో సరుకు తక్కువగా కనిపించింది. మిగతాది ఎక్కడుందని అడిగాను.

“ఇంట్ల ఉన్నది సార్, రాతి అర్రల,” అన్నాడు సంతోషంగా. “కింద బండ, మీద బండ, నాలుగు దిక్కుల బండ. కట్టె ముక్క లేదు. రాయి కాలుతదా? మీరేం ఫికర్ చెయ్యకున్రి.”

తాండూరులో ఇళ్ళు అలాగే ఉంటాయి. చుట్టూ గనులున్న ఊరు కనుక నేలకూ గోడకూ కప్పుకూ నాపబండే. నిప్పు విషయంలో ఆ ఊరివాళ్ళకు పూరిళ్ళంటే భయం, రాతి గది అంటే నమ్మకం. గౌస్ తల ఊపి, “అర్ర మంచిదే సేఠ్. పేలినంక గోరీకి వేరే బండ కొనే పని లేదు,” అన్నాడు. శంకరప్ప నవ్వలేదు.

ఆ సరుకును ఊరి బయట మూతబడిన జిన్నింగు మిల్లు ఆవరణలోని రేకుల షెడ్డుకు పండుగ లోపల తరలించాలని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాను. అతను సంతకం పెట్టి, బండి మాట్లాడతానన్నాడు.

పండుగనాడు పొద్దు వాలుతుండగా పంపు, బకెట్లు, గోనెసంచులు పట్టుకుని షెడ్డు చూడటానికి వెళ్ళాం. శంకరప్ప పెట్టెలు అక్కడ కొన్నే ఉన్నాయి. షెడ్డు కావలి మనిషిని అడిగితే, ఒక్క బండి మాత్రం వచ్చిందని, రెండో విడతకు ముందే బండివాడు పండుగకని బషీరాబాద్ వెళ్ళిపోయాడని చెప్పాడు. శంకరప్ప కోసం కొట్టుకు వెళితే జనం మధ్య అతని తల కూడా కనిపించలేదు. నేరుగా ఇంటికే నడిచాం.

ఇంటి ముందు అరుగు మీద పక్కింటి మొగులయ్య కూర్చుని చుట్ట తాగుతున్నాడు. గనుల్లో మందు పెట్టే పని అతనిది. రాతిలో బొక్క తొలిచి, మందుగుండు పోసి, ఒత్తి అంటించి పేల్చడం. చుట్ట ఆర్పమన్నాను. ఆర్పాడు గానీ, నోరు ఊరుకోలేదు.

“సార్, నేను దినాం మందుతోని బతికేటోన్ని. పిల్లలు కాల్చే టపాసులకు గింత పరేషానా? గది బండల అర్ర. ఏం గాదు.”

ఆ మాటకు నా దగ్గర సూత్రాలున్నాయి, పీడనం లెక్కలున్నాయి. వాటితో పని జరగదని తెలుస్తూనే ఉంది. అతని పని గురించే అడిగాను. బొక్కలో మందు పోశాక, మీద మట్టి ఎందుకు కూరుతారు?

“కూరకుంటే రాయి పగులుతదా? మందు బుస్సుమని మీదికెల్లి పోతది. మూతి గట్టిగ మూస్తెనే...” అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. లోపలి వైపు తిరిగి ఆ అర్ర తలుపు చూశాడు. ఒకే తలుపు, మందపాటి చెక్క, గోడలో పిడికెడు గాలి కన్నం. చేతిలో ఆరిన చుట్టను పడేసి లేచి నిలబడ్డాడు.

శంకరప్ప తల్లి ఈరమ్మ నూనె గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. దీపాలు పెట్టడం అప్పుడే ముగించినట్టుంది. సరుకున్న గది తాళంచెవి అడిగాను.

“తాళమెందుకు నాయనా, తలుపు దగ్గరికి వేసే ఉన్నది. ఇప్పుడే దీపం పెట్టి వచ్చిన,” అంది.

ఏ గదిలో అని అడిగాను.

“అన్ని అర్రలల్ల. సరుకున్న అర్రల ముందు పెట్టాలె గదా. లక్ష్మీదేవి ఆడనే ఉంటది. గూట్లె పెడదామంటే పెట్టెలు అడ్డమున్నయి. పెట్టె మీదనే పెట్టిన.”

గౌస్ వాకిట్లోని నీళ్ళు బకెట్లో నింపి పంపు దించాడు. లోపల ఎన్ని పెట్టెలున్నాయో, వాటిలో ఏముందో తెలియదు. ఆ గదికి పక్క గోడ అవతల ఏముందని అడిగాను. అక్కడ శంకరప్ప కూతురు బసమ్మ, పురిటికి వచ్చింది, పసిపిల్లతో పడుకుని ఉందని ముసలామె చెప్పింది. పురుడు పోసుకుని ఇంకా నెల నిండలేదు.

పద్ధతి ప్రకారం మొదట మనుషులను తీయాలి, తరువాతే మంట జోలికి పోవాలి. ఇంట్లో మిగతావాళ్ళు బయటికి వచ్చారు. బసమ్మ దగ్గర మాత్రం ముసలామె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“బాలింత. సందె దీపాలు పెట్టినంక గడప దాటిస్తరా? పిల్లకు గాలి సోకితే నువ్వు వస్తవా చూడనీకి?”

ఆమెను తోసి వెళ్ళవచ్చు. అలా చేస్తే అరుపులు, జనం, పరుగులు. ఆ తలుపు దగ్గర నాకు అన్నిటికంటే అక్కరలేనివి అవే. నెమ్మదిగా చెప్పి చూశాను. ఆమె కదలలేదు. ప్రతి క్షణం ఆ గోడవైపే నా చెవులున్నాయి. వీధి చివర ఎవరో ఔటు పేల్చారు. నేను ఉలిక్కిపడ్డాను, గౌస్ కూడా.

అప్పుడు మొగులయ్య లోపలికి వచ్చాడు. “అవ్వా, బాలింత కాలు గడప దాటొద్దు, గంతే గదా?” అన్నాడు. ఆమె అవునంది. అతను నులక మంచం ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టమని గౌస్‌కు సైగ చేశాడు. బసమ్మ పసిపిల్లను గుండెకు హత్తుకుని కళ్ళు మూసుకుంది. మంచం మంచంగానే ఇద్దరూ ఎత్తి వీధిలోకి, అక్కడి నుంచి నాలుగిళ్ళ అవతలికి మోసుకుపోయారు. “కాలు ఎక్కడ దాటింది? మంచం దాటింది,” అని మొగులయ్య అనడం వినిపించింది. ముసలామె గొణుక్కుంటూ వాళ్ళ వెనకాలే నడిచింది.

గౌస్ తిరిగి వచ్చాడు. మేకులున్న బూట్లు విప్పాను. బండ మీద మేకు రాసుకుంటే నిప్పురవ్వ వస్తుంది. ఇనుప బకిలున్న బెల్టు తీసేశాను. తలుపు లోపలికి తెరుచుకునేది. విసురుగా తెరిస్తే గాలికి మంట వాలుతుంది, ఎటు వాలుతుందో చెప్పలేం. తడిపిన గోనెపట్టాను తలుపు చౌకట్టుకు తెరలా వేలాడదీసి, దాని వెనక నిలబడి తలుపును కొద్దికొద్దిగా నెట్టాను.

దీపం ఎదురుగానే ఉంది. చిన్న మట్టి ప్రమిద. ఈరమ్మ అంచుదాకా నూనె పోసింది. అది ఒలికి, పెట్టె మీద కప్పిన రంగు కాగితంలోకి ఇంకింది. ఒత్తి ఒక పక్కకు జారి, దాని మంట ఆ కాగితం అంచును నాకుతోంది. కాగితం కింద గడ్డి, గడ్డిలో చుట్టి ఔట్లు, చిచ్చుబుడ్లు. అంచు అప్పటికే నల్లబడి ఉంది.

మొదట తోచింది ప్రమిదను ఎత్తుకుని బయటికి తేవాలని. అది చెయ్యకూడదు. నిండు ప్రమిద ఒలికితే మంట నూనె వెంట పారుతుంది. పంపుతో కొట్టినా అంతే, నీటి దెబ్బకు మండే నూనె చిందుతుంది. ఊదితే నిప్పురవ్వ గడ్డిలో పడుతుంది. మిగిలింది తడిబట్ట ఒక్కటే. నీళ్ళు కారకుండా పిండిన గోనెసంచిని రెండు చేతులతో పట్టుకుని, పెట్టెల మధ్య సందులోకి పక్కగా అడుగులు వేశాను. మందు వాసన నోట్లోకి వచ్చింది. ఊపిరి బయటికి వదిలితే మంట కదులుతుందని బిగబట్టాను. సంచిని ప్రమిద మీద దించి, అలాగే అదిమిపట్టాను.

చీకటి అయింది. గౌస్ బయటి నుంచి, “సార్, బత్తీ?” అన్నాడు మెల్లగా. టార్చి వద్దన్నాను. కాగితంలో నిప్పు మిగిలి ఉంటే చీకట్లోనే కనిపిస్తుంది. కనిపించింది. సంచికి అవతల, కాగితం మడత వెంట సన్నటి ఎర్రటి గీత ఒకటి గడ్డివైపు నడుస్తోంది. ఒక చెయ్యి సంచి మీదనే ఉంచి, రెండో చేతి తడి అరచేతిని దాని మీద పెట్టాను. చర్మం కాలింది. చెయ్యి తియ్యలేదు. ఎంతసేపు అలా ఉన్నానో నాకు తెలియదు. గౌస్ వచ్చి నా భుజం పట్టుకుని, “అయిపోయింది సార్, రండి,” అనే దాకా రెండు చేతులూ అక్కడే అదిమి ఉంచాను.

తరువాత సన్నటి జల్లుతో ఆ గదిలోని సరుకంతా తడిపించాను. కబురంది వచ్చిన శంకరప్ప కొంతసేపు తడిసిన పెట్టెల కోసం వాదించాడు. మొగులయ్య అతన్ని పక్కకు తీసుకెళ్ళి, మందు బొక్కలో మట్టి కూరడం గురించి ఏదో చెప్పాడు. శంకరప్ప తిరిగి వచ్చి కూతురు ఎక్కడుందని అడిగాడు. ఈరమ్మ మాత్రం పండుగనాడు దీపం ఆర్పానని నన్ను చాలాసేపు తిట్టి, ఆ అర్ర ముందు వాకిట్లో బండ మీద కొత్త దీపం వెలిగించింది. అక్కడ పెట్టవచ్చని నేను చెప్పిన చోటే అది.

ఆ తరువాత ఏళ్ళలో వికారాబాదు, మర్పల్లి, తాండూరు వైపు పండుగ తనిఖీలు చాలా చేశాను. నిబంధనల కాగితాల్లో ఉన్నది పొరపాటున వచ్చే నిప్పు. పండుగ నిప్పు పొరపాటున రాదు. దాన్ని ఇంట్లోవాళ్ళే చేతులు జోడించి, విలువైన వస్తువు ఎక్కడుంటే అక్కడికి తీసుకువస్తారు. అందువల్ల సరుకు ఎక్కడుందని వ్యాపారిని అడిగాక, దీపాలు ఎక్కడెక్కడ పెడతారని ఆ ఇంటి ఆడవాళ్ళను విడిగా అడగాలి. రెండు జవాబులూ ఒకే గదిని చూపిస్తే, తనిఖీ ఆ గదినుంచే మొదలుపెట్టాలి.