దొర బంగళా పొగగూడు

మొన్న గురజాల బస్సులో వస్తుంటే, కొత్తగా కట్టిన కల్యాణ మండపం నెత్తిన ఎవరో సిమెంటుతో పొగగూడు బొమ్మ పెట్టించుకున్నారు. కింద పొయ్యి లేదు, పైన కంత లేదు, వట్టి సోకు. నాకు ఒళ్లు మండిపోయింది. నిజమైన పొగగూడును గొంతు నులిమి చంపిన ఊరు మాది, ఆ పాపంలో నా వాటా కూడా ఉంది గనక ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

నా ఈడువాళ్లకు దొర బంగళా గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండులో తాను పుట్టిన ఇంటిలాగే ఉండాలని దొర పటం గీసి, తాపీ మేస్త్రి అయిన మా తాత చేతిలో పెట్టాడట. మంచు జారడానికి ఏటవాలు కప్పు, చలికి భయపడి ఇరుకు కిటికీలు, హాల్లో చలిమంట పొయ్యి, కప్పును దాటి రెండు నిలువుల ఎత్తు పొగగూడు. పల్నాట్లో చలిమంటేందని అడగకుండా తాత అన్నీ కట్టాడు గానీ, హాలు పైభాగాన గచ్చు పూల చాటున నాలుగు కంతలు వదిలి, వాటిని లోలోపలే పొగగూట్లోకి కలిపాడు. వేడిగాలి పైకి చేరి ఆ దారినే పోయేది. రోహిణి కార్తెలో బయట నాపరాళ్లు పేలుతున్నా లోపల కునుకు పట్టేది. అదంతా తన దేశపు పనితనమేనని దొర మురిసిపోయేవాడట.

దొరలు పోయాక అందులో ఆఫీసు పెట్టారు, నేను బంట్రోతుగా చేరాను. వచ్చినవాడికల్లా ఒక కథ చెప్పేవాణ్ణి. కొండవీడు సొరంగం ఆ పొయ్యిలోనే తేలుతుందన్నాను, దొర అందులో దెయ్యాన్ని కట్టేశాడన్నాను. ఎడ్లపాడు ఆసామి ఒకడు ఆ దెయ్యానికని కోడిని తెస్తే, కూర వండించుకుని తిన్నది నేనే.

పంతొమ్మిదొందల అరవైల్లో కొత్తగా వచ్చిన ఆఫీసరు, పావురాలు రెట్టలేస్తున్నాయని పొగగూడునూ కంతలనూ సిమెంటుతో పూడ్చమన్నాడు. మంచాన పడిన తాతకు ఆ మాట చెబితే, ఎన్నడూ ఎవరికీ చెప్పని ఆ గుట్టు విప్పి, ఆపమని నన్ను తరిమాడు. పోయి, ఆఫీసులో అందరి ముందూ ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. కంత దగ్గర అగరొత్తి పెట్టి చూపిస్తానన్నాను. పొగ ఎటు పోతుందో చూసే పాటి ఓపిక ఆ చదువుకున్నవాళ్లలో ఒక్కడికీ లేకపోయింది.

హెడ్ గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నిన్న దెయ్యాన్ని కట్టేశారంటివి, ఇయ్యాళ గాలిని కట్టేశారంటున్నావు. రేపేంది అబ్బాయ్?" అన్నాడు. ఆఫీసంతా నవ్వు. ఆఫీసరు తల కూడా ఎత్తలేదు.

సాయంత్రానికి పూడ్చేశారు. సంగతి విని తాత గోడవైపు తిరిగి పడుకుని, "నిజం చెప్పడానికి నిన్ను పంపానే, అదిరా నా తప్పు" అన్నాడు.

మరుసటి ఎండాకాలం హాలు ఇటుకల బట్టీ అయింది. తెల్లోళ్లకు మన ఎండలేం తెలుసని కాగితం రాసి, బంగళాను పడగొట్టారు. గోడ కూలినప్పుడు తాత కంతలు బయటపడితే, పావురాల గూళ్లని తన్ని పారేశారు. ఆ కాలి చెప్పు చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది.

ఇప్పుడక్కడ డాబా లేచింది. ఫ్యాన్లు ఉన్న వేడినే కలియతిప్పుతుంటాయి. చెమటలు తుడుచుకుంటున్న కుర్ర గుమాస్తాలకు మా తాత సంగతి చెప్పబోతే, అది కాదు బాబాయ్, ఆ దెయ్యం కథ చెప్పు, మా నాయన చానాసార్లు చెప్పాడంటారు. నేనల్లిన కోతలన్నీ నిక్షేపంగా బతికే ఉన్నాయి. తాత కట్టిన ఒక్క నిజాన్నే నిలబెట్టలేకపోయాను.