అగ్గిపెట్టెల రంగులరాట్నం

తొమ్మిదో తరగతిలో ఉండగా మా టేప్ రికార్డర్ పాడైంది. యలమంచిలిలో రిపేరు షాపతను ఇక లాభం లేదన్నాడు. నాన్నగారు పారేయబోతుంటే నేను అడిగి తీసుకున్నాను.

లోపలి మోటారుకు టార్చిలైటు బ్యాటరీలు కలిపితే గిర్రున తిరిగింది. మేకు మీద డబ్బా మూత నిలిపి, దాని చుట్టూ అగ్గిపెట్టెలు వేలాడదీసి, మోటారు బెల్టు తగిలించాను. రంగులరాట్నం తయారైంది!

"సచ్చిపోయిందన్న మిసను తిరుగుతందేటే!" అని నాయనమ్మ పక్కింటి పిన్నిని కేకేసింది. "బేగి రాయే, మా మనవరాలు సేసింది సూడు!"

సాయంత్రం నాన్నగారు ఆఫీసు స్నేహితులను వెంటబెట్టుకొచ్చారు. "మా అమ్మాయి ఇంజనీరండీ," అన్నారు.

బ్యాటరీలు అయిపోయేదాకా, తల ఎత్తుకుని, అందరికీ తిప్పి చూపించాను.